ఎవర్ని ముందుకు పంపాలి? మోటార్‌స్పోర్ట్ మేనేజర్ గేమ్ రివ్యూ

ఫార్ములా వన్ చూసే మనవాళ్ళలో టీమ్ ఆర్డర్ (జట్టు తన డ్రైవర్లలో ఒకణ్ణి ఇంకొకడికి దారివ్వమనడం) అన్న మాట వినగానే మండిపడేవాళ్ళే ఎక్కువ. గెలిచేవాణ్ణి ఆపి ఆ గెలుపు పక్కవాడి చేతిలో పెట్టడమేంటి, ఇదేం ఆట అని అడుగుతారు. అలా అడిగేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. మోటార్‌స్పోర్ట్ మేనేజర్ కొని రెండు సీజన్లు ఆడండి, తర్వాత మాట్లాడుకుందాం. ప్లేస్పోర్ట్ గేమ్స్ అనే బ్రిటిష్ స్టూడియో తయారుచేసిన గేమ్ ఇది. సెగా ద్వారా 2016 నవంబర్‌లో కంప్యూటర్లకి వచ్చింది. పాతదే. అయినా రేసింగ్‌లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో ఇంత దగ్గరగా చూపించిన గేమ్ నేను ఇంకోటి ఆడలేదు.

ఇందులో స్టీరింగ్ మన చేతికి రాదు. మనం జట్టుని నడిపే టీమ్ ప్రిన్సిపాల్. ఇద్దరు డ్రైవర్లు, ఒక రిజర్వ్ డ్రైవర్, డిజైనర్, మెకానిక్‌లు, నెత్తిమీద ఒక చైర్మన్. ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, సస్పెన్షన్, ముందు రెక్క, వెనక రెక్క ఒక్కొక్కటే డిజైన్ చేయించాలి. డబ్బు ఎప్పుడూ చాలదు. రేసు రోజున ఏ టైర్లు వేయాలి, టైర్లు మార్చడానికి ఎప్పుడు పిట్‌కి పిలవాలి, ఇంజిన్ ఎంత గట్టిగా వాడాలి, డ్రైవర్ ఎంత దూకుడుగా వెళ్ళాలి అన్నవి మనం చెప్తాం. మిగతాది తెరమీద చూస్తూ కూర్చోవడమే. చూస్తూ కూర్చోవడంలో ఇంత టెన్షన్ ఉంటుందని ఆడేవరకూ ఊహకందదు.

ఫార్ములా వన్ లైసెన్స్ లేదు కాబట్టి అసలు జట్ల పేర్లు ఉండవు. స్టైన్‌మన్, రోస్సీని లాంటి కల్పిత పేర్లు. ఎర్రకార్ల ఇటాలియన్ జట్టు ఫెరారీయేనని మీకు వెంటనే తెలిసిపోతుంది. అసలు పేర్లు కావాలనుకునేవాళ్ళకి గేమ్స్ అమ్మే స్టీమ్ సైట్‌లో, దాని వర్క్‌షాప్‌లో అభిమానులు చేసిన మార్పులు దొరుకుతాయి. నేను మాత్రం కల్పిత పేర్లతోనే ఆడతాను. ఏ డ్రైవర్ మీదా ముందే అభిమానం గానీ కోపం గానీ లేకుండా నిర్ణయం తీసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. డ్రైవర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే అతని స్థానం కూడా రాయాలి. నెంబర్ వన్, ఇద్దరూ సమానం, నెంబర్ టూ. జీతంతో పాటు ఇదీ బేరమే. మంచి డ్రైవర్ నెంబర్ టూగా రమ్మంటే రాడు, లేదా ముఖం ముడుచుకుంటాడు. అంటే టీమ్ ఆర్డర్ రేసులో పుట్టదు. సీజన్ మొదలవకముందే, సంతకం దగ్గరే పుడుతుంది. ఈ ఒక్క విషయం గేమ్‌లో పెట్టినందుకు ఆ డిజైనర్లకి దండం పెట్టాలి. 2002లో ఆస్ట్రియాలో ఫెరారీ డ్రైవర్ రూబెన్స్ బారికెల్లో తన జట్టువాడి కోసం బ్రేక్ వేసిన ఆ క్షణాన్నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. అతను ఫెరారీలో చేరిననాడు షూమాకర్ పక్కన ఏ స్థానంలో చేరుతున్నాడో మాత్రం ఎవరూ మాట్లాడుకోరు.

ఆ రేసు సంగతి తెలియనివాళ్ళకి: 2002 మే 12న బారికెల్లో పోల్ (అందరికంటే ముందు చోటు) నుంచి బయల్దేరి రేసంతా ముందున్నాడు. చివరి ల్యాప్‌లో, ముగింపు గీత కనిపిస్తుండగా, జట్టు చెప్పినట్టు వేగం తగ్గించి షూమాకర్‌ని ముందుకు వెళ్ళనిచ్చాడు. అప్పటికి సీజన్‌లో అది ఆరో రేసు మాత్రమే. అంతకుముందు అయిదింట్లో నాలుగు షూమాకరే గెలిచాడు. జనం అరుపులు, ఈలలతో నిరసన తెలిపారు. షూమాకర్ పోడియం (బహుమతుల వేదిక) మీద తన చోటు బారికెల్లోకి ఇచ్చేశాడు. చివరికి ఫెరారీకి 10 లక్షల డాలర్ల జరిమానా పడింది, అదీ పోడియం పద్ధతి పాటించనందుకు. ఆర్డర్ ఇచ్చినందుకు శిక్ష వేయడానికి అప్పట్లో రూలే లేదు.

నా గేమ్‌లో ఇలాంటి రోజు యూరోపియన్ రేసింగ్ సిరీస్‌లో వచ్చింది. పెద్ద ఛాంపియన్‌షిప్‌కి రెండు మెట్లు కింద ఉంటుంది అది. సీజన్ చివరికొచ్చింది. నా నెంబర్ వన్ టైటిల్ పోటీలో రెండో స్థానంలో ఉన్నాడు. ఆ రేసులో నెంబర్ టూ మూడో స్థానంలో, నెంబర్ వన్ అతని వెనకే నాలుగో స్థానంలో. మా తమ్ముడి కొడుకు ఇంటర్ సెలవులకి వచ్చి పక్కనే కూర్చున్నాడు.

"పెదనాన్నా, వాడు ఎక్కణ్ణించో ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ వచ్చాడు. ఇప్పుడు దారిమ్మంటావా?"

"జట్టుకొచ్చే పాయింట్లు మారవురా. టైటిల్ మాత్రం మారుతుంది."

"మరి వాడికేం వస్తుంది?"

ఆ ప్రశ్నకి గేమ్‌లో జవాబు లేదు, నిజం రేసింగ్‌లోనూ లేదు. నేను ఆర్డర్ ఇచ్చాను. కార్లు స్థానాలు మార్చుకున్నాయి. తర్వాతి సీజన్‌కి ఒప్పందం తిరగరాయడానికి పిలిస్తే నెంబర్ టూ రాలేదు. వేరే జట్టుకి వెళ్ళిపోయాడు. అయినా మళ్ళీ అదే పరిస్థితి వస్తే నేను అదే చేస్తాను. కాకపోతే అతని వైపు నుంచి కూడా ఆ రేసుని చూడటం అప్పట్నించే అలవాటైంది.

ఇలా ఆడుతూ పోతే ఒకటి అర్థమవుతుంది. టీమ్ ఆర్డర్ అన్న ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాల పనులున్నాయి. మొదటిది: వెనకున్న కారు నిజంగా వేగంగా ఉంది, ముందున్నవాడి టైర్లు అరిగిపోయాయి. వాణ్ణి పక్కకి తప్పుకోమంటే వెనకవాడు వెళ్ళి ఇంకో జట్టు కారుని పట్టుకుంటాడు. ఇది జట్టు మొత్తానికీ లాభం, దీనికి ఎవరూ బాధపడక్కర్లేదు. రెండోది నేను చేసిన పని: పాయింట్లు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చడం. మూడోది జట్టు తన వల్ల జరిగిన తేడాని సరిచేసుకోవడం. నాలుగోది రెండో కారుని గోడలా వాడి ఎదుటి జట్టు కారుని ఆపడం.

మూడో రకానికి ఈమధ్య కాలంలో మెక్‌లారెన్ జట్టు ఇచ్చినన్ని ఉదాహరణలు ఇంకెవరూ ఇవ్వలేదు. 2024 హంగరీలో ఆ జట్టు డ్రైవర్ పియాస్ట్రీ ముందున్నాడు. వెనకున్న తోటి డ్రైవర్ నోరిస్‌ని ముందుగా పిట్‌కి పిలిచారు కాబట్టి అతను లాభపడి ముందుకొచ్చేశాడు. ఆ చోటు తిరిగివ్వమని ల్యాపుల తరబడి రేడియోలో అడుగుతూనే ఉన్నారు. చివరికి 70 ల్యాపుల రేసులో 68వ ల్యాప్‌లో ఇచ్చాడు. పియాస్ట్రీకి అది మొదటి గెలుపు. 2025లో ఇటలీలోని మోంజాలో దీనికి తిరగేసి జరిగింది. పిట్‌లో నోరిస్ కారుకి టైరు మార్చడం ఆలస్యమై పియాస్ట్రీ ముందుకొస్తే, రెండో స్థానం నోరిస్‌కి తిరిగివ్వమన్నారు. పిట్ స్టాప్ నెమ్మదవడం కూడా రేసింగ్‌లో భాగమే కదా అని పియాస్ట్రీ రేడియోలో అన్నాడు, అయినా ఇచ్చాడు. నా దృష్టిలో హంగరీలో మెక్‌లారెన్ చేసింది న్యాయం. మోంజాలో చేసింది అతి. పిట్‌కి ఎవర్ని ముందు పిలవాలన్నది జట్టు ఎంచుకుని చేసే పని. చక్రాలు విప్పి బిగించే వీల్ గన్ మొరాయిస్తే అది టైరు పంక్చరైనట్టే, ఎవరి రాత వాళ్ళది.

మోటార్‌స్పోర్ట్ మేనేజర్‌లో వెలితిగా అనిపించేది సరిగ్గా ఇక్కడే. మొదటి రకం, రెండో రకం ఆర్డర్లు ఒక క్లిక్‌తో ఇచ్చేయొచ్చు. మూడో రకం ఇవ్వడానికి దారి లేదు. "ఇవాళ నువ్వు తప్పుకో, వచ్చే రేసులో నీ చోటు నీకిస్తాను" అని డ్రైవర్‌కి మాటిచ్చి, ఆ మాటని గేమ్ గుర్తుపెట్టుకునే ఏర్పాటు నాకెక్కడా కనిపించలేదు. నేను ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేస్తాను. పండగపూట డ్యూటీ ఒకడి నెత్తిన వేస్తే, వచ్చే పండక్కి వాడికి సెలవివ్వాలన్నది ఎవరూ కాగితం మీద రాయరు, కానీ షిఫ్ట్ మొత్తానికీ గుర్తుంటుంది. రేసింగ్ జట్లు నడిచేదీ అలాంటి లెక్కల మీదే. 2017 హంగరీలో ఫెరారీ డ్రైవర్ రైకొనెన్‌ని అందుకోవడానికి మెర్సిడెస్ జట్టులో బొటాస్ తన తోటి డ్రైవర్ హామిల్టన్‌ని ముందుకు పంపాడు. అందుకోలేకపోతే చోటు తిరిగివ్వాలని ఒప్పందం. హామిల్టన్ చివరి మలుపులో ఆగి మూడో స్థానం తిరిగిచ్చాడు. టైటిల్ పోటీలో ఉండి కూడా. ఇంత అందమైన విషయానికి గేమ్‌లో చోటు లేకపోవడం నాకు వెలితే.

నాలుగో రకాన్ని మాత్రం బాగానే పెట్టారు. డ్రైవింగ్ స్థాయిల్లో అన్నిటికంటే నెమ్మదైనది వెనకవాళ్ళని ఆపడానికే. ఇరుకు ట్రాక్ మీద రెండో కారుని అలా నడిపిస్తే ముందున్న కారుకి ఊపిరాడుతుంది. 2025 చివరి రేసు అబుదాబిలో రెడ్‌బుల్ చేసిందిదే. తమ మొదటి డ్రైవర్ వెర్‌స్టాపెన్ టైటిల్ కోసం, నోరిస్‌ని ఎంతసేపు వీలైతే అంతసేపు ఆపమని రెండో డ్రైవర్ సునోడాకి చెప్పారు. అతను అటూ ఇటూ ఒకసారికి మించి జరిగినందుకు 5 సెకన్ల పెనాల్టీ పడింది, నోరిస్ దాటి వెళ్ళిపోయాడు. వెర్‌స్టాపెన్ రేసు గెలిచాడు, నోరిస్ మూడో స్థానంతో టైటిల్ గెలిచాడు. నోరిస్‌కి 423 పాయింట్లు, వెర్‌స్టాపెన్‌కి 421. ఆ రెండు పాయింట్ల తేడా చూశాక మోంజాలో మార్చిన చోటు ఎంత బరువైనదో లెక్కేసుకోవచ్చు.

ఇక రూల్స్. నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, దీని గురించి చాలామంది రివ్యూల్లో ఒక్క ముక్కతో సరిపెడతారు. ఫార్ములా వన్‌కి రూల్స్ పెట్టే ఎఫ్ఐఏ ఉన్నట్టు ఇందులో జీఎంఏ అని ఒక సంస్థ ఉంటుంది. సీజన్ మధ్యలో రూల్ మార్పుల మీద జట్లని ఓటింగ్‌కి పిలుస్తుంది. రేసు మధ్యలో పెట్రోలు పోయడం ఉండాలా వద్దా, ఫలానా భాగం అన్ని జట్లకీ ఒకటే ఇవ్వాలా, చివరి రేసుకి రెట్టింపు పాయింట్లు ఇవ్వాలా, ఇలాంటివి. ఒకసారి ఓటు వేయకుండా ఊరుకుంటే ఆ బలం దాచుకుని, మనకి ప్రాణం మీదికొచ్చే ఓటింగ్‌లో ఎక్కువ ఓట్లు వేయొచ్చు. నెగ్గిన రూల్ వచ్చే సీజన్ నుంచి అమల్లోకి వస్తుంది.

మొదట్లో ఇది పక్క వేషం అనుకుంటారు. నాలుగు సీజన్లు గడిచేసరికి ఇదే అసలు వేషం. నా దగ్గర గొప్ప ఇంజిన్ తయారుచేసే డిజైనర్ ఉంటే, ఇంజిన్ అందరికీ ఒకటే చేయాలన్న ప్రతిపాదన వచ్చిన రోజు నా పెట్టుబడంతా గాలికి పోయినట్టే. అప్పుడు దాచుకున్న ఓట్లన్నీ కుమ్మరించి ఆపాల్సిందే. పేద జట్టుతో ఆడుతుంటే అదే ప్రతిపాదనకి ఎదురెళ్ళి స్వాగతం చెప్తాం. ఒకే రూల్, రెండు జట్ల నుంచి చూస్తే రెండు రకాల న్యాయం. అసలు ఫార్ములా వన్‌లో కూడా జట్లకి ఓటుంది. పది జట్లున్న 2025 దాకా, రూల్ మార్పుల్ని తేల్చే ఎఫ్1 కమిషన్‌లో మొత్తం 30 ఓట్లుండేవి. పది జట్లకి తలా ఒకటి, ఎఫ్ఐఏకి 10, వాణిజ్య హక్కులున్న సంస్థకి 10. వచ్చే సీజన్ రూల్ మార్చాలంటే 25 కావాల్సి వచ్చేది, నడుస్తున్న సీజన్ రూల్ మార్చాలంటే 28. కాబట్టి ఒక రూల్ పిచ్చిగా ఉందనిపించినప్పుడు దానికి ఎవరు ఓటేసి ఉంటారో, ఎందుకు వేసి ఉంటారో ఆలోచించడం ఈ గేమ్ అలవాటు చేస్తుంది.

రెట్టింపు పాయింట్ల రూల్ కల్పన కాదు. 2014 అబుదాబిలో నిజంగానే అమలు చేశారు, అభిమానులు ఛీకొట్టారు, మరుసటి ఏడాది ఎత్తేశారు. 2010 నుంచి రేసులో పెట్రోలు పోయడం మానేశారు. 2005లో అయితే రేసంతా ఒకే జత టైర్లతో నడపాలన్న రూల్ పెట్టారు. ఇండియానాపోలిస్‌లో ఏటవాలు మలుపుకి మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలి, ఆ టైర్లున్న 14 కార్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. మిగిలిన ఆరు కార్లతో రేసు నడిచింది. మన నారాయణ్ కార్తికేయన్ ఆ రేసులోనే నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ అయిదు పాయింట్లు తప్ప ఫార్ములా వన్‌లో అతనికి ఇంకో పాయింటు రాలేదు. ఆ పాయింట్లు ఉత్తినే వచ్చాయనేవాళ్ళతో నేను ఒప్పుకోను. బరిలో నిలబడి గీత దాటినవాడివే పాయింట్లు.

టీమ్ ఆర్డర్ల మీద నిషేధం కూడా ఇలాంటి రూలే. ఆస్ట్రియా గొడవ తర్వాత 2003 నుంచి, రేసు ఫలితాన్ని మార్చే టీమ్ ఆర్డర్లు నిషేధం అన్నారు. ఏమైంది? ఆర్డర్లు ఆగలేదు, సంకేతాల్లోకి మారాయి. 2010 జులై 25న జర్మనీలోని హోకెన్‌హైమ్‌లో ఫెరారీ డ్రైవర్ మాసా ముందున్నాడు, వెనక అతని జట్టువాడే ఫెర్నాండో అలోన్సో. "ఫెర్నాండో నీకంటే వేగంగా ఉన్నాడు, ఈ మాట అర్థమైందని చెప్పు" అని ఇంజినీర్ రాబ్ స్మెడ్లీ రేడియోలో చెప్పాడు. ఆ గొంతు వింటేనే తెలుస్తుంది అతనికి ఆ మాట చెప్పడం ఇష్టం లేదని. మాసా తలకి ప్రాణం మీదికొచ్చే దెబ్బ తగిలి సరిగ్గా ఏడాదైన రోజది. మాసా తప్పుకున్నాడు, అలోన్సో గెలిచాడు. ఫెరారీకి లక్ష డాలర్ల జరిమానా, పాయింట్లు మాత్రం పోలేదు. 2011కి నిషేధమే ఎత్తేశారు. నేను పైన చెప్పిన నాలుగు రకాల్ని ఒక్క వాక్యంలో కట్టేయాలని చూస్తే ఇంతే. టైర్లు అరిగినవాడు పక్కకి తప్పుకుంటే అది తెలివా, ఆజ్ఞా అని రేసు తీర్పులు చెప్పే ఏ స్టీవార్డు తేల్చగలడు?

ఈ గేమ్ తయారుచేసినవాళ్ళు టీమ్ ఆర్డర్ నిషేధం మీద కూడా ఓటింగ్ పెట్టుంటే ఎంత బాగుండేదో. ఒక సీజన్ నిషేధంతో, ఇంకో సీజన్ లేకుండా ఆడితే తేడా చేతికి తెలిసేది.

రేడియో విషయంలో కూడా కొరత ఉంది. డ్రైవర్ చెప్పేది తెరమీద అక్షరాల్లో కనిపిస్తుంది, గొంతు ఉండదు. స్మెడ్లీ మాటల్లో బాధ, 2013 మలేషియాలో రెడ్‌బుల్ జట్టులో తోటి డ్రైవర్ వెబర్‌ని దాటొద్దన్నా దాటేసిన వెటెల్ మీద జట్టు చిరాకు, ఇవేవీ అక్షరాల్లో పలకవు. 2016లో రేడియో సలహాల మీద ఆంక్షలు పెట్టి, సిల్వర్‌స్టోన్‌లో గేర్‌బాక్స్ సమస్యకి సలహా అందుకున్నందుకు మెర్సిడెస్ డ్రైవర్ రోజ్‌బర్గ్‌కి 10 సెకన్లు వేసి రెండో స్థానం నుంచి మూడుకి దింపారు. నెల తిరక్కుండానే ఆ ఆంక్షల్లో చాలావరకు ఎత్తేశారు. ఎంత చెప్పొచ్చు, ఎంత చెప్పకూడదు అన్నదాన్ని గేమ్‌లో పెట్టుంటే అదొక గొప్ప రూల్ అయ్యేది.

కారు భాగాల విషయంలో మాత్రం రూల్ అంచు మీద నడిచే మజా ఉంది. కొన్ని భాగాలు రూల్‌కి అటూ ఇటూగా డిజైన్ చేయించొచ్చు. వేగం పెరుగుతుంది, తనిఖీలో దొరికితే శిక్ష. 2025 లాస్ వేగాస్‌లో రెండు మెక్‌లారెన్లూ కారు కింది పలక 9 మిల్లీమీటర్ల కంటే తక్కువకి అరిగిందని అనర్హమయ్యాయి. నోరిస్ రెండో స్థానం, పియాస్ట్రీ నాలుగో స్థానం గాలికి పోయాయి. వాళ్ళు కావాలని చేశారని నేననను. అంచు ఎంత సన్ననిదో చెప్పడానికే ఈ ఉదాహరణ.

హైదరాబాద్ వాళ్ళకి ఇంకో మాట. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు చూసినవాళ్ళకి జాగ్వార్ కార్లు రెండూ గుర్తుండే ఉంటాయి. హెయిర్‌పిన్ మలుపులో సామ్ బర్డ్ తన జట్టువాడే అయిన మిచ్ ఎవాన్స్‌ని గుద్దేశాడు, రెండు కార్ల రేసూ అక్కడితో సరి. అదే రోజు ఇంకో జట్టు డ్రైవర్ బ్యూమీ పోడియం దాకా వచ్చి, అనుమతించినదానికంటే ఎక్కువ పవర్ వాడాడని కిందికి జారిపోయాడు. టీమ్ ఆర్డరూ రూలూ ఎందుకు ముఖ్యమో మన ఊళ్ళోనే ఒక్క సాయంత్రంలో కనిపించింది. ఈ గేమ్‌లో నా కార్లు రెండూ ఒకే మలుపులోకి పక్కపక్కన వెళ్తున్నప్పుడల్లా నాకు ఆ మలుపే గుర్తొస్తుంది.

కొనేవాళ్ళకి: మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది, బరువనిపిస్తే రేసుని పైనుంచి చూసే 2డి పద్ధతి పెట్టుకోవచ్చు. స్టీమ్ సేల్‌లో ధర బాగా తగ్గుతుంది, అప్పటిదాకా ఆగండి. జీటీ, ఎండ్యూరెన్స్ అనే వేరే రకం రేసుల అదనపు ప్యాకులు మొదట్లో అక్కర్లేదు. ఫోన్‌లో కూడా ఈ పేరుతో గేమ్స్ ఉన్నాయి, బస్సులో ఆడుకోవడానికి బాగుంటాయి, కానీ ఓటింగ్, ఒప్పందాల లోతు కావాలంటే కంప్యూటర్‌దే. పెద్ద జట్టుతో మొదలుపెట్టకండి. యూరోపియన్ సిరీస్‌లో కిందినుంచి రెండోదో మూడోదో తీసుకోండి. ఇద్దరు డ్రైవర్లకీ మొదటి ఒప్పందంలో సమాన స్థానమే రాయండి. మొదటి సీజన్‌లో ఓట్లు దాచుకోండి, రెండో సీజన్‌లో ఇంజిన్ మీద ప్రతిపాదన వస్తే అప్పుడు వాడండి.